కుక్క ఈతకు పాయింట్లెన్ని?

రాజపాళయం కుక్క బొమ్మతో 2005లో తపాలా బిళ్ల వేశారు. మంచిదే. ఆ కుక్కకు పేరిచ్చిన రాజపాళయం ఊళ్లో, పొలంబావిలో కుక్క ఈత నేర్చిన కుర్రాడు జిల్లా మీటుకు వెళ్తే ఒక్క పాయింటుకూ దిక్కుండదు. ఆశ్చర్యమా? ఎందుకుంటుంది లెండి, మీరూ ఈ దేశంవారేగా!

ఇది ఇంట్లో తెలుగు, బడిలో తమిళం పలికే రాజుల ఊరు. 1949లో కుమారస్వామి రాజాను మద్రాసు ప్రధానిగా, అంటే ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రిగా, గద్దె ఎక్కించిన ఊరు. అధికారం మొహం చూడని ఊరేం కాదు. అయినా కుర్రాడికి బావే గతి.

నిబంధన చదివితే నవ్వొస్తుంది. ఫ్రీస్టైల్‌లో ఎలా ఈదినా చెల్లుతుందట. కుక్క ఈతయినా సరే! ఎంత ఉదారత! కాకపోతే దిమ్మ మీంచి దూకాలి. సిగ్నల్‌కు ముందే దూకితే ఇంటికే. బ్రెస్ట్ స్ట్రోక్‌లో గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి. ఒక చెయ్యి కాస్త వెనకబడిందా, గట్టు మీది పెద్దమనిషి చెయ్యి లేస్తుంది. డిస్‌క్వాలిఫై. అందరికంటే ముందొచ్చినా సున్నాయే. సెకనులో నూరో వంతు దాకా లెక్క. సరే, ఆటన్నాక లెక్క ఉండాల్సిందే. మరి బావిలో దిమ్మ ఏదయ్యా? మెట్టు మీంచి దూకేవాడికి గోడ దగ్గర తిరగడం ఎవడు నేర్పాడు?

మన బడి మీట్లలో తరచూ నడిచే లెక్క 5-3-1. ముగ్గురికే ప్రసాదం. నాలుగోవాడికి తడి గుడ్డలు. ఇంకో తమాషా చూడండి. నీళ్లలోకి దిగిందే ముగ్గురనుకోండి. మునక్కుండా అవతలి గట్టు చేరితే చాలు, పతకం ఖాయం! ఆ పాయింట్లు కూడితే బడికి ఛాంపియన్‌షిప్పు, గేటుకు ఫ్లెక్సీ, వచ్చే ఏటి ఫీజుకు రెక్కలు. కొలనున్న బడికి కొలనున్న బడే పోటీ. దీని పేరు ప్రతిభ!

అమెరికా హైస్కూళ్లలో రెండు జట్లు ఆరు లేన్ల కొలనులో తలపడితే 6-4-3-2-1. రిలేకు 8-4-2. ఐదోవాడు కూడా బడికి ఓ పాయింటు తెస్తాడు. ఒక్కో పిల్లవాడికి వ్యక్తిగత ఈవెంట్లు రెండే. చచ్చినట్టు పదిమందికి ఈత నేర్పాలి. మనకెందుకా బాదరబందీ? ఒక్క చిరుతను పెంచుకుంటే ఫ్లెక్సీకి సరిపోదూ?

ఇక నవ్వాపండి. 2017 డిసెంబరులో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ మన పిల్లల్ని ఆటల పోటీలకు ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు తీసుకెళ్లింది. దేశమంతా బడి ఈతగాళ్లకు పతకాలు పంచే సంస్థే. అక్కడి సముద్రంలో దిగిన పదిహేనేళ్ల ఫుట్‌బాల్ క్రీడాకారిణి మునిగి చనిపోయింది. పిల్లల్ని గట్టు మీద కనిపెట్టుకోవాల్సిన పెద్దలేమయ్యారు? ఘోర నిర్లక్ష్యమని కేంద్ర క్రీడాశాఖే తేల్చి, గుర్తింపు తీసేసింది. ఎప్పుడు? 2020లో. పిల్లవాడి చెయ్యి రెప్పపాటు ఆలస్యమైతే అక్కడికక్కడే సున్నా. పెద్దల తప్పుకు సున్నా వెయ్యడానికి రెండేళ్లు దాటింది. ఆ ఆలస్యానికి ఎవరు చెయ్యెత్తారు?

అన్నట్టు, 2036 ఒలింపిక్స్ మాకే ఇవ్వండని 2024లో ఉత్తరం రాశాం. ఈతలో ఇప్పటిదాకా మన ఒలింపిక్ పతకాలు? సున్నా. ఫరవాలేదు, కొత్త కొలనులకు టెండర్లు పిలుస్తారు. ఆ పోటీకి మాత్రం మనవాళ్ల కొరత ఉండదు. అక్కడ లెక్క పాయింట్లలో కాదు కదా, పర్సెంటేజీల్లో!