టికెట్ దొరకాలంటే: సైనిక్‌పురి వాసులకు ఉచిత సలహాలు

ముందు బ్యాంకు మార్చండి. పాట వినడానికి చెవులుంటే చాలనుకునే రోజులు పోయాయి. 2024లో దిల్జీత్ దోసాంజ్ కచేరీల టికెట్లు ఒక బ్యాంకు కార్డున్నవాళ్లకు రెండు రోజుల ముందే దొరికాయి. మిగిలినవి మనకు.

అమ్మకం మొదలయ్యే వేళకు ఇంట్లో ఫోన్లన్నీ ముందేసుకుని కూర్చోండి, తాతగారిది కూడా. మీ ముందు లక్షల మంది ఉన్నారని తెర మీద కనిపిస్తే దిగులుపడకండి. కోల్డ్‌ప్లే ముంబై షోల కోసం కోటి మందికి పైగా ఎగబడ్డారు. 2,500 నుంచి 35,000 రూపాయల దాకా పెట్టిన టికెట్లు చూస్తుండగానే రీసేల్ సైట్లలో లక్షలకు ఎక్కాయి. అంత గిరాకీ ఉన్న వరుసలో నిలబడ్డామన్న తృప్తి మాత్రం ఉచితం.

ఫీజుల గురించి అడగొద్దు. కౌంటరు లేదు, కాగితం లేదు, టికెట్ చించే మనిషీ లేడు. మనమే వెతుక్కుని, మనమే సీటు ఎంచుకుని, మనమే డబ్బు కట్టాం. ఇంత పని చేయనిచ్చినందుకు కన్వీనియెన్స్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ.

కౌంటర్లోనే కొంటానంటారా? మనకు దగ్గర్లోనే ఉంది జింఖానా మైదానం. 2022 సెప్టెంబరు 22న భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్లకని వెళ్లినవాళ్లకు తొక్కిసలాట, లాఠీ దెబ్బలు దక్కాయి. ఫోనే నయం.

ఇక అసలు మార్గం, బ్లాకు. వెనకటికి సినిమా హాలు గోడ పక్కన ఒకడు ‘పదికి ఇరవై’ అని గొణుగుతూ, పోలీసు కనబడితే గల్లీలోకి దూరేవాడు. ఇప్పుడు అతనికి యాప్ ఉంది, లోగో ఉంది, కస్టమర్ కేర్ ఉంది. దాక్కోవాల్సిన అవసరం మాత్రం లేదు. ఈ వ్యవహారం మీద వేసిన పిటిషన్‌ను 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. చట్టాలు చేయడం తమ పని కాదంది. చేయాల్సినవాళ్లు తీరిగ్గా ఉన్నారు.

వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టినవాడికి వెంటనే డబ్బు కొట్టేయండి. అదే క్యూఆర్ కోడ్ ఇంకెంతమందికి అమ్మాడో గేటు దగ్గర ఎలాగూ తెలుస్తుంది.

మీకు కావలసినవి రెండే అయినా నాలుగు కొనండి. మిగిలిన రెండూ మూడింతలకు అమ్మండి. అది బ్లాకు కాదు, ఖర్చులు రాబట్టుకోవడం. అదే పని నేరేడ్‌మెట్‌లో ఇంకెవరైనా చేస్తే దాన్ని బ్లాకు అంటారు. వాళ్లను గట్టిగా తిట్టండి.

వేదిక శంషాబాద్ వైపో, రామోజీ ఫిల్మ్ సిటీలోనో ఉంటుంది. అర్ధరాత్రి సైనిక్‌పురి అనగానే క్యాబ్ యాప్ కూడా టికెట్ సైటు దగ్గర నేర్చుకున్న లెక్కే చెబుతుంది. కట్టేయండి.

ఒక్క పని మాత్రం చేయొద్దు. షో రోజు సాయంత్రం దాకా ఆగకండి. అందరూ అలా ఆగితే టికెట్లన్నీ బ్లాకువాడి చేతిలోనే మిగిలిపోతాయి, పాపం అతనికీ సంసారం ఉంటుంది.