ఇంత మర్యాదైతే మోసమే

అసలు కంపెనీకి ఫోన్ చేసినవాళ్ళకు దాని లక్షణాలు బాగా తెలుసు. ముందు భాష ఎంచుకోమంటుంది, తర్వాత అంకె నొక్కమంటుంది, నొక్కిన అంకె చెల్లదంటుంది. మీ కాల్ మాకెంతో ముఖ్యమని చెప్పి ఒక సంగీతం మొదలుపెడుతుంది. ఆ సంగీతం ముగిసేలోగా లైను తెగిపోతుంది. అలాంటి కంపెనీ ఒక మధ్యాహ్నం పూట తనంతట తాను మన నంబరు వెతుక్కుని, ‘మీ కంప్యూటర్లో వైరస్ చేరిందండీ, ఏం కంగారుపడకండి, నేనున్నాను’ అంటే ఏమనుకోవాలి? నకిలీ టెక్ సపోర్ట్ కాల్స్‌ను గుర్తుపట్టడానికి యాస గమనించమనీ, నంబరు చూడమనీ, వ్యాకరణ దోషాలు పట్టుకోమనీ సలహాలిస్తుంటారు. అంత శ్రమ అక్కర్లేదని నా వాదన. సేవ ఎలా ఉందో చూస్తే చాలు. అడగని సాయం, తరగని ఓపిక, ఒలికిపోయే మర్యాద, ఈ మూడూ ఒకే ఫోన్లో వచ్చాయంటే అవతల ఉన్నది అసలు కంపెనీ అయ్యే అవకాశం లేదు.

ఇది నా వెటకారమేనని కొట్టిపారేయకండి. పిలవకుండా మేం ఫోన్ చేయం, మా ఎర్రర్ మెసేజ్‌ల్లో ఫోన్ నంబరు ఉండదు అని మైక్రోసాఫ్టే ప్రకటించింది. తాను పలకరించనని అంత నిజాయితీగా రాసిచ్చిన సంస్థను నమ్మకుండా, పలకరించినవాణ్ణి నమ్మడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. 2012 అక్టోబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ముఠాల మీద కేసులు పెట్టినప్పుడు, లేని వైరస్‌ను తీసేసినందుకు వాళ్ళు 49 నుంచి 450 డాలర్ల దాకా వసూలు చేస్తున్నారని తేలింది. ఇప్పుడా రేట్లు చూస్తే ముచ్చటేస్తుంది. 2023లో టెక్ సపోర్ట్ మోసాల మీద ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల ప్రకారం పోయిన సొమ్ము 92 కోట్ల డాలర్లు దాటింది. అందులో పెద్ద వాటా అరవై ఏళ్ళు దాటినవాళ్ళది.

ఈ సేవ నడిచే తీరు కొంచెం దగ్గరగా చూడాలి. చిలక జోస్యంలో చిలక ఏ ముక్క తీసినా ఏదో ఒక గండం ఉండే తీరుతుంది. విండోస్‌లో ఆ ముక్కల పెట్టె పేరు ఈవెంట్ వ్యూయర్. యంత్రం లోపల జరిగే ప్రతి చిన్న సంగతీ అందులో నమోదవుతుంది. ప్రింటర్ పలక్కపోయినా, ఏదో సర్వీసు కాస్త ఆలస్యంగా లేచినా ఎర్ర గుర్తో పసుపు గుర్తో పడుతుంది. నిన్న కొన్న కంప్యూటర్లోనూ ఉంటాయవి. ఫోన్లోని పెద్దమనిషి ఆ పెట్టెను మన చేతే తెరిపించి, ఎర్ర గుర్తులు మన చేతే లెక్కపెట్టిస్తాడు. తర్వాత నల్ల తెర మీద ‘అసోక్’ అనే కమాండ్ కొట్టించి, చివర్లో 888డీసీఏ60తో మొదలయ్యే పొడవాటి సంఖ్యను చూడమంటాడు. ‘ఇదేనండీ మీ లైసెన్స్ నంబరు, మా రికార్డుతో సరిపోతుందో లేదో చూసుకోండి’ అంటూ ఒక్కో అక్షరం చదువుతాడు. సరిపోతుంది. సరిపోక ఏం చేస్తుంది? ప్రపంచంలో ఉన్న విండోస్ యంత్రాలన్నిట్లోనూ అదే సంఖ్య! ఈ ప్రదర్శనలో నన్ను నిజంగా ఆకట్టుకునేది మాత్రం అతని ఓపిక. స్టార్ట్ బటన్ ఎక్కడుందో తెలియని డెబ్భై ఏళ్ళ మనిషికి పదిసార్లయినా విసుక్కోకుండా చెబుతాడు. కన్నకొడుకైతే రెండోసారికే ‘అబ్బా, నువ్వేం ముట్టుకోకు నాన్నా’ అంటాడు.

రెండో అంకం ఇంకా గొప్పది. కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్ వస్తుంది: కంపెనీ మూతపడుతోంది, మీరు కట్టిన సొమ్ము వాపసు ఇస్తాం. కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టించి, బ్యాంకు పేజీ తెరిపించి, తెర మీద కనబడే అంకెలను బ్రౌజర్లోనే మార్చేస్తాడు. 200 డాలర్లు రావలసిన చోట 20,000 వచ్చినట్టు కనిపిస్తుంది. ‘అయ్యో, పొరపాటున ఎక్కువ వేశాను, నా ఉద్యోగం పోతుంది, మిగతాది తిరిగి పంపండి’ అని ఏడుస్తాడు. పంపించాల్సింది నగదు రూపంలో గానీ గిఫ్ట్ కార్డుల మీది నంబర్లుగా గానీ. ఏ కంపెనీ అయినా వాపసు కోసం ఏడు నుంచి పది పనిదినాలు ఆగమంటుంది, ఆ తర్వాత మళ్ళీ ఆగమంటుంది. అడక్కుండానే, అప్పటికప్పుడే, అదీ వంద రెట్లు ఎక్కువగా వాపసు వచ్చిందంటే ఆ క్షణమే అనుమానించాలి.

ఇంత పచ్చి అబద్ధాన్ని ఎవరు నమ్ముతారని అడిగేవాళ్ళుంటారు. మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలోనే పనిచేసే కోర్మాక్ హర్లీ 2012లో మోసపు ఈమెయిళ్ళ గురించి రాసిన పత్రంలో దీనికి జవాబుంది. మోసగాడికి అన్నిటికన్నా ఖరీదైంది తన సమయం. కథ పచ్చిగా ఉంటే అనుమానించేవాళ్ళు మొదట్లోనే తప్పుకుంటారు, చివరిదాకా వచ్చేవాళ్ళే మిగులుతారు. ఫోన్ పెట్టేసినవాళ్ళంతా వాళ్ళ వడపోతకు సాయం చేసినట్టే లెక్క. వ్యవహారం కూడా ఆఫీసు పద్ధతిలోనే నడుస్తుంది: షిఫ్టులు, స్క్రిప్టు, టార్గెట్లు, ఇంగ్లీషులో శిక్షణ. 2025 మేలో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో పోలీసులు పట్టుకున్న కాల్ సెంటర్ నుంచి అమెరికన్లకు ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు కొనిపించేవాళ్ళు. పొద్దున లేచి మన ఊరి కరెంటాఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తే దిక్కుండదు గానీ, రాత్రంతా అమెరికా తాతయ్యల కోసం మేలుకుని ఉండే సిబ్బంది మాత్రం దొరికారు.

డిజిటల్ అరెస్ట్ అంటూ బెదిరించేవాళ్ళలో మర్యాద ఎక్కడుందని ఎవరైనా అడ్డుపడవచ్చు. మాటలో ఉండదు, సేవలో ఉంటుంది. స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు రాయించుకోవడానికే మనకు పూట గడుస్తుంది. అలాంటిది ఒక ‘సీబీఐ అధికారి’ యూనిఫాం వేసుకుని, మన ఒక్కరి కోసం రోజంతా వీడియో కాల్లో కదలకుండా కూర్చుంటాడు! చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో చెప్పాల్సి వచ్చింది. ఇక బ్యాంకులు నిజంగానే ఫోన్ చేస్తాయి కదా అన్నది బరువున్న అభ్యంతరమే. చేస్తాయి. అప్పుడు ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మనమే చేయాలి. అవతలివాడు అసలువాడైతే సంగీతం వినిపిస్తుంది. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే మాత్రం ఏ సంగీతానికీ ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. తొందరగా చెబితేనే ఆ సొమ్ము ఇంకో ఖాతాకు దాటకముందు ఆపగలిగే వీలుంటుంది.

మోసగాళ్ళను ఫోన్లో గంటలకొద్దీ తిప్పి సమయం వృథా చేయించడం మంచిదనే వర్గమొకటి ఉంది. సరదాయే, కానీ మన సమయం మాత్రం ఊరికే వచ్చిందా? ఆ పని యంత్రానికి అప్పజెప్పడం మేలు. బ్రిటన్ టెలిఫోన్ సంస్థ ఓ2, 2024 నవంబరులో డైసీ అనే కృత్రిమ మేధ బామ్మను తయారుచేసింది. ఆమె తన పిల్లి గురించీ, అల్లికల గురించీ చెబుతూ కొందరు మోసగాళ్ళను నలభై నిమిషాల దాకా కూర్చోబెట్టింది. వాళ్ళ ఓపికకు సరిజోడు దొరికింది.

మూర్ఖులే పడతారు, మాకేం భయం అనేవాళ్ళు జిమ్ బ్రౌనింగ్ సంగతి వినాలి. ఆ మారుపేరుతో ఆయన ఏళ్ళ తరబడి మోసగాళ్ళ కంప్యూటర్లలోకే దూరి వాళ్ళ గుట్టు బయటపెట్టాడు. గురుగ్రామ్‌లోని ఒక కాల్ సెంటర్ సీసీటీవీ దృశ్యాలను ఆయన సంపాదిస్తే 2020లో బీబీసీ ప్రసారం చేసింది. ఈ మోసాల లోతు అంతగా తెలిసినవాళ్ళు లోకంలో బహు కొద్దిమంది. అలాంటి ఆయనను 2021 జులైలో యూట్యూబ్ సపోర్ట్ పేరుతో ఎవరో పలకరించి, ఏమేం చేయాలో దగ్గరుండి చెప్పి, ఆయన చానెల్‌ను ఆయన చేతే తీయించేశారు. కొద్ది రోజులకు అది మళ్ళీ వచ్చిందనుకోండి. కోట్ల చానెళ్ళున్న యూట్యూబ్‌ నుంచి ఒక మనిషి తనకు తానుగా వచ్చి సాయం చేస్తానన్నాడే, ఆయన అక్కడే ఆగి ఉండాల్సింది.