ట్వీడ్ పొట్ట చెక్కింది నా మీదే

నేను అరచేతిలో ఇమిడే చెక్కముక్కను. బాక్స్‌వుడ్ అంటారు నా జాతిని. మా చెట్టుకు ఎదగాలన్న తొందర లేదు. ఏళ్లు గడిచినా మాను పెద్దగా లావెక్కదు. ఆ నిదానం వల్లే మా చేవకు అంత బిగువు. మానును అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని నున్నగా చేస్తే, వెంట్రుకవాసి గీత చెక్కినా అంచు చిట్లదు. పత్రిక పేజీకి సరిపోయే వెడల్పు మాత్రం ఒక్క చెట్టులో దొరకదు. అందుకని చిన్న ముక్కల్ని పక్కపక్కన చేర్చి, వెనక బోల్టులతో బిగించి పలక చేసేవాళ్లు. అలాంటి ఒక పలకలో ముక్కనై న్యూయార్క్ చేరాను, హార్పర్స్ వీక్లీ అనే వారపత్రిక అచ్చయ్యే చోటికి.

1871 వేసవిలో మా పలకకు తెల్లపూత పూసి వ్యంగ్యచిత్రకారుడు థామస్ నాస్ట్ ముందు పెట్టారు. జర్మనీలోని లాండావ్‌లో పుట్టి, ఆరేళ్ల వయసులో తల్లితో కలిసి అమెరికా వచ్చిన వాడాయన. అప్పటికి ముప్పై ఏళ్లు. పెన్సిలు పట్టుకుని నేరుగా చెక్క మీదే గీసేవాడు, అదీ తిరగేసి. అచ్చులో ఎడమన కనిపించాల్సిన మనిషి చెక్క మీద కుడివైపు నిలబడాలి. పేర్లు, మాటలు అన్నీ వెనక నుంచి ముందుకు రాయాలి. ఆయన చెయ్యి దానికి అలవాటు పడిపోయింది.

గీసింది నలుగురు పెద్దమనుషుల్నీ, వాళ్ల వెంట ఉన్న కంట్రాక్టర్లనూ. అందరూ గుండ్రంగా నిలబడి ఉంటారు. ప్రజల డబ్బు ఎవరు కాజేశారని అడిగితే ప్రతివాడూ వేలితో పక్కవాణ్ణి చూపిస్తాడు. ముందు వరుసలో భారీగా ఉన్నవాడు విలియం ట్వీడ్, టామనీ హాల్ అనే డెమోక్రాటిక్ ముఠాకు నాయకుడు. అతని పక్కన స్వీనీ, కొనలీ, మేయర్ ఓకీ హాల్. న్యూయార్క్ కౌంటీ కోర్టు భవనానికి మొదట అనుకున్న ఖర్చు రెండున్నర లక్షల డాలర్లు; వీళ్ల చేతుల్లో అది కోటి దాటింది. ఆ జూలైలోనే న్యూయార్క్ టైమ్స్ రహస్య ఖాతాల్ని బయటపెట్టింది. ప్లాస్టరింగ్ చేసిన గార్వీకి రెండు రోజుల పనికి 1,33,187 డాలర్లు చెల్లించినట్టు ఆ లెక్కల్లో ఉంది. చదువుకున్నవాళ్లు చదివి నోరు వెళ్లబెట్టారు. కానీ ట్వీడ్‌కు ఓట్లు వేసే జనం ఎక్కువగా ఐర్లండ్ కరువు నుంచి పారిపోయి వచ్చిన పేదలు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. పత్రికలు ఏం రాసుకున్నా తనకు లెక్కలేదు గానీ ఆ పాడు బొమ్మల్ని ఆపండి, మా వాళ్లకు చదవడం రాకపోయినా బొమ్మలు కనిపిస్తాయి కదా అని ట్వీడ్ తన మనుషులతో అన్నాడని చెబుతారు. దొంగ అయితేనేం, బొమ్మ బలాన్ని అంత సూటిగా గుర్తించినవాడు అప్పట్లో మరొకడు లేడనే నాకు అనిపిస్తుంది.

బొమ్మ గీయడం అయ్యాక పలకను విప్పారు. వారపత్రికకు గడువు తక్కువ. ఒక్కడే చెక్కుతూ కూర్చుంటే సంచిక దాటిపోతుంది. ఒక్కో ముక్కను ఒక్కో చెక్కుడు పనివాడు తీసుకున్నాడు. అతుకుల మీదుగా పోయే గీతల్ని మాత్రం పెద్ద పనివాడే సరిచూస్తాడు. నా వాటాకు వచ్చింది ట్వీడ్ పొట్ట. నన్ను చెక్కినవాడు దీపం కింద తోలుదిండు మీద నన్ను పెట్టుకుని, తెల్లగా రావలసిన చోటల్లా సన్నటి ఉలితో తవ్వి తీసేశాడు. మిగిలిన గట్లే నల్లగీతలు. అతను తవ్వుతున్నంతసేపూ నాకు తెలిసింది వంపు తిరిగిన కోటు, బిగుసుకున్న గుండీలు, అంతే. ముఖం పక్క ముక్కలో ఉంది. వేళ్లు మరో ముక్కలో ఉన్నాయి. మళ్లీ బోల్టులు బిగించి ప్రూఫు తీసినప్పుడే ఈ పొట్ట ఎవరిదో, ఏం తిని ఇంత పెరిగిందో నాకు అర్థమైంది.

తర్వాత మా మీద మైనం అదిమి అచ్చుతీసి, దాని మీద రాగిరేకు ఎక్కించారు. యంత్రం మీద నలిగేది ఆ రాగిరేకే. అందుకే నేను ఇంకా అరగలేదు. ఆగస్టు 19 సంచికలో బొమ్మ వచ్చింది. సెప్టెంబరులో ట్వీడ్ బృందాన్ని రాబందులుగా గీసిన బొమ్మ, అక్టోబరులో తలకాయ బదులు డబ్బుసంచి ఉన్న ట్వీడ్, నవంబరు ఎన్నికల వేళ టామనీని పులిగా గీసిన బొమ్మ. అందుకు కక్షగా నగర విద్యా బోర్డు హార్పర్ సంస్థ పాఠ్యపుస్తకాలు కొనడం మానేసింది. సంస్థ యజమానులు మెత్తబడలేదు. యూరప్ వెళ్లి చిత్రకళ నేర్చుకోమంటూ ట్వీడ్ మనుషులు నాస్ట్‌కు లక్ష డాలర్లు ఇవ్వజూపారనీ, ఎంత దాకా పోతారో చూద్దామని ఆయన బేరం ఐదు లక్షలకు పెంచి, ఆపైన పొమ్మన్నాడనీ ఆయన జీవితచరిత్రలో ఉంది. ఆ ఎన్నికల్లో టామనీ మనుషులు చాలామంది ఓడిపోయారు. ట్వీడ్ సొంత సీటు నిలుపుకున్నాడు గానీ రెండేళ్లలో జైలు పాలయ్యాడు.

1875 డిసెంబరులో తప్పించుకుని క్యూబా మీదుగా స్పెయిన్ చేరాడు. 1876 సెప్టెంబరులో వీగో రేవులో అతన్ని పట్టుకున్నారు. గుర్తుపట్టడానికి వాళ్లకు ఆధారం నాస్ట్ గీసిన మరో బొమ్మ. అందులో ట్వీడ్ ఇద్దరు పిల్లల్ని గట్టిగా పట్టుకుని ఉంటాడు. దాన్ని చూసి, పిల్లల్ని ఎత్తుకుపోయే నేరస్తుడేమో అనుకున్నారట స్పెయిన్ అధికారులు. బొమ్మ కింది ఇంగ్లిషు మాటలు అర్థం కాకపోయినా ఆకారం అర్థమైంది. అతన్ని తిరిగి న్యూయార్క్ పంపారు. 1878 ఏప్రిల్‌లో లడ్లో వీధి జైల్లోనే చనిపోయాడు.

ఇక్కడి దాకా చెప్పి ఊరుకుంటే నాకు గర్వమే మిగిలేది. కానీ ఆ 1876 డిసెంబరు 9 సంచిక సంగతి చెప్పకుండా ఉండలేను. త్రాసులో ఒక పళ్లెంలో దక్షిణాది నల్లజాతి మనిషి, రెండో పళ్లెంలో ఉత్తరాది ఐరిష్ మనిషి, ఇద్దరి ముఖాలూ వికారంగా గీసి, అజ్ఞానుల ఓటు అని పేరు పెట్టాడు నాస్ట్. వీగోలో ట్వీడ్ పట్టుబడి మూడు నెలలే అయింది. చదువురాని కళ్లే ఈ మనిషి గీతకు బలం. ఆ కళ్లకు నిజం అందించినందుకే ఆయనకు పేరు వచ్చింది. ఆ కళ్లనే ఆయన ఎగతాళి చేశాడు. ఇదే చెయ్యి 1865లో, అంతర్యుద్ధంలో కాలు పోగొట్టుకున్న నల్లజాతి సైనికుణ్ణి నిలబెట్టి, ఇతనికి ఓటు ఎందుకివ్వరని దేశాన్ని నిలదీసింది. 1871 ఫిబ్రవరిలో చైనా వలసజీవిని అల్లరిమూక నుంచి కాపాడే బొమ్మ గీసింది. అందుకే నాకు బాధ. ట్వీడ్ మీద పోరాటం నడుమనే, అదే 1871 సెప్టెంబరు 30న, అమెరికా గంగానది అని ఒక బొమ్మ వచ్చింది: కేథలిక్ బిషప్పుల టోపీలు మొసళ్ల దవడలై, బడిపిల్లల్ని మింగడానికి ఒడ్డు ఎక్కుతుంటాయి. ఒక వర్గం వాళ్లనంతా మొసళ్లను చేయడానికి భరతఖండపు నదిని అరువు తెచ్చుకున్నాడు. నా పొట్ట మీద ఉన్న గీతలకూ ఆ మొసళ్ల గీతలకూ నైపుణ్యంలో తేడా లేదు. తేడా ఎవరి మీద గీశాడన్నదే. ట్వీడ్ చేతిలో ఖజానా ఉంది. ఆ త్రాసులో కూర్చున్న ఇద్దరి చేతుల్లో ఓటు తప్ప ఏమీ లేదు.

ఆ ఓటు కూడా ఎన్నాళ్లు ఉంది? దక్షిణాది రాష్ట్రాలు అక్షరాస్యత పరీక్ష పెట్టి నల్లజాతి మనిషి ఓటును లాక్కున్నాయి. 1965 మొదట్లో అలబామాలోని సెల్మా చుట్టుపక్కల ఓటు వయసున్న నల్లజాతివాళ్లలో జాబితాకెక్కినవాళ్లు నూటికి ఇద్దరు. రాజ్యాంగంలో ఒక సెక్షను చదివి, గుమస్తాకు నచ్చేలా అర్థం చెప్పాలి. చదువుకున్న టీచర్లను కూడా పరీక్ష తప్పారని పంపేసేవాళ్లు. అజ్ఞానుల ఓటు అన్న నవ్వు తొంభై ఏళ్లకు కూడా ఆఫీసు బల్ల దగ్గర నియమంగా కూర్చునే ఉంది.

నేనిప్పుడు ఒక గ్రంథాలయం సొరుగులో ఉంటున్నాను. చూడవచ్చినవాళ్లు నన్ను తీసి పెట్టే బల్ల మీదే తరచూ కనిపించే పుస్తకం మార్చ్. మూడు సంపుటాలు, 2013 నుంచి 2016 దాకా వచ్చాయి. జాన్ లూయిస్ తన కథ చెప్పాడు, ఆండ్రూ ఐడిన్ కలిసి రాశాడు, నేట్ పావెల్ నలుపు తెలుపుల్లో గీశాడు. మూడో సంపుటికి నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం నడుస్తుండగా సెల్మా వంతెన మీద పోలీసుల దెబ్బకు పుర్రె చిట్లిన మనిషి లూయిస్. ఆపైన జార్జియా నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. తన బతుకును బొమ్మల్లో చెప్పాలన్న ఆలోచనకు మూలం 1957లో పది సెంట్లకు అమ్మిన ఒక సన్నటి కామిక్ పుస్తకం. మార్టిన్ లూథర్ కింగ్‌దీ మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణదీ అందులోని కథ. అహింసతో ఎలా నిలబడాలో బొమ్మల్లో నేర్పింది.

నాస్ట్ ఒక్క పేజీలో దోషిని పట్టించాడు. అది వ్యంగ్యచిత్రానికి చేతనైన పని. పావెల్ వందల పేజీలు తీసుకుని, వరసలో నిలబడ్డ మనిషికీ, పరీక్ష పెట్టిన గుమస్తాకూ, లాఠీ పట్టినవాడికీ వేరువేరు ముఖాలు ఇచ్చాడు. ఏ ఒక్కరినీ జాతి గుర్తుగా మార్చలేదు. నా మీద కూడా అలాంటి ముఖం ఒకటి చెక్కి ఉంటే బాగుండేదని నేను కోరుకుంటాను.

2015 జూలైలో శాన్ డియాగోలో జరిగిన కామిక్-కాన్ అనే బొమ్మల పుస్తకాల సంబరానికి లూయిస్ సెల్మా నాటి కోటు లాంటిదే తొడుక్కుని, వీపున సంచి తగిలించుకుని వచ్చాడు. చిన్న బడిపిల్లల చేతులు పట్టుకుని ఆ హాలంతా ఊరేగింపుగా నడిచాడు. వాళ్లు ఇంకా పెద్ద మాటల్ని కూడబలుక్కుని చదివే వయసువాళ్లు. ఆయన ఎవరో, వంతెన మీద ఏం జరిగిందో వాళ్లకు తెలుసు.