గూజ్ సంజీవని

మూలం: "బిరడా తీయగానే గుర్రపు కంబళి. ఆ వెనక తడి తోలు, మేకల దొడ్డి, బూజు పట్టిన నేలమాళిగ. నాలుక మీద పచ్చి యాపిలు, నిమ్మతొక్క. ముగింపు దీర్ఘం, ఆలోచనాత్మకం. గొప్ప బ్రూవరీ, ఇక లేదు. అయిదుకి 4.7."

అవతారిక: బ్రసెల్స్‌కు పడమట, స్కెప్‌డాల్ అనే ఊళ్లో 1886లో పుట్టి, 1990 దరిదాపుల్లో మూతపడిన ఐలెన్‌బోస్ వారి పాత గూజ్ బీరు సీసాను గురించి ఒకానొక రసజ్ఞుడు చెప్పిన వాక్యషట్కంగా దీన్ని భావించవలెను. కర్త పేరు అడగరాదు. ఈ జాతి వాక్యాలన్నిటికీ కర్త ఒక్కడే. దుర్వ్యాఖ్యల విషానికి మూర్ఛిల్లిన కాళిదాసు మాటను బతికించడానికి మన మెదక్ సీమ కొలిచెలమ మల్లినాథసూరి సంజీవని రాశాడు. ఇక్కడ మూర్ఛిల్లింది బీరు. ప్రయత్నిద్దాం.

టీక: నిమ్మతొక్క, తడి తోలు సులభములు, వదిలేస్తున్నాం.

"బిరడా తీయగానే". ఇక్కడ ధ్వని లేదు. బిరడా ఎండి, గ్యాసు పోయి, సీసా చప్పుడు చేయకుండా తెరుచుకుంది. ధ్వని లేని కావ్యాన్ని చిత్రకావ్యమని ఆనందవర్ధనుడు కింది మెట్టున కూర్చోబెట్టాడు. లక్షణం సరిగ్గా కుదిరింది. తాగినవాళ్లకంటే చిత్రాలు తీసినవాళ్లే ఎక్కువ.

"గుర్రపు కంబళి". ఉపమావాచకం లేదు కనుక పూర్ణోపమ కాదు. కర్త జన్మలో గుర్రానికి కంబళి కప్పి ఎరగడు కనుక స్వభావోక్తీ కాదు. గతానుగతికమని నిర్ణయం. అసలు వస్తువు 4-ఇథైల్‌ఫినాల్. బ్రెట్టనోమైసెస్ అనే ఈస్టు చెక్కపీపాలో నెలల తరబడి మెల్లగా పనిచేస్తే పుడుతుంది. ఆ ఈస్టును ఎవరూ తెచ్చి వేయరు. మొలకెత్తించిన బార్లీ, మొలకెత్తించని గోధుమ కలిపి కాచిన కషాయాన్ని చలికాలం రాత్రి వెడల్పాటి, లోతులేని తొట్టిలో తెరిచి పెడతారు. తెల్లారేలోగా గాలిలోంచి దిగేవి దిగుతాయి, మిగతావి పీపా చెక్కల్లోనే కాచుకుని ఉంటాయి. ఇలా పులిసిన బీరే లాంబిక్. హాప్ పువ్వుల్ని కూడా రెండు మూడేళ్లు పాతబెట్టి వేస్తారు. చేదూ పరిమళమూ తగ్గిపోయి, చెడకుండా కాపాడే గుణం నిలవాలని.

"పచ్చి యాపిలు". దీన్నిబట్టి ఆమ్లరస విచారం ప్రాప్తిస్తోంది. ఈ పులుపు పాతదనమా, చెడిపోవడమా అని ప్రశ్న. కొత్త మద్యం గురువనీ పాతది లఘువనీ చరకుడు రసజ్ఞుడి పక్షమే వహించాడు. కౌటిల్యుడు అలా కాదు. అర్థశాస్త్రం రెండో అధికరణంలో సురాధ్యక్షుడనే ఉద్యోగిని నియమించి మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరింటినీ, కొన్నిటి పాళ్లతో సహా చెబుతాడు. పానశాలలో విడివిడి గదులు, పడకలు, ఆసనాలు, గంధం, పూలదండలు, నీళ్లు ఉండాలంటాడు. ఎవడు ఎంత ఖర్చు పెడుతున్నాడో గూఢచారి కనిపెట్టాలి. మత్తులో పడ్డవాడి నగలమీదా బట్టలమీదా కన్నుండాలి. పోతే వర్తకుడు అంతా ఇచ్చుకోవాలి, పైగా దండుగ కట్టాలి. ఇంత మర్యాద తెలిసిన పానశాల ఇప్పుడు ఏ రాజధానిలో ఉందో చెప్పండి. చెడిపోయిన సుర సంగతీ ఆయన మరవలేదు. దాన్ని దాసులకో పనివాళ్లకో కూలికింద ఇవ్వాలి, లేదా బండిపశువులకు తాగించాలి, అదీ కాకపోతే పందుల మేపుకు వాడాలి. సురాధ్యక్షుడి ముందు ఈ సీసా పెడితే తీర్పు ఎటు పోయేదో ఊహించుకోవచ్చు. పంది మాత్రం మార్కులు వేసి ఉండదు.

"గొప్ప బ్రూవరీ, ఇక లేదు". ఈ వాక్యాన్ని కర్త ఒక్క గుటకలో దాటేశాడు, మనకు సాధ్యం కాదు. ఎందుకు లేదు? ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు నిలవైన లాంబిక్‌లను కలిపి సీసాలో మళ్లీ పులియనిస్తే గూజ్. అంటే ఈ చలికాలం కాచినదాని డబ్బు పూర్తిగా చేతికొచ్చేసరికి మూడేళ్లు దాటుతుంది. జీతాలు మాత్రం నెలనెలా ఇవ్వాలి. ఈలోగా పిల్స్‌నర్ చవగ్గా, చప్పున తయారై వచ్చింది. గూజ్ పేరుతోనే తీపి కలిపి వడగట్టిన సరుకూ వచ్చింది. జనం అటు తిరిగారు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకు దాహం వేసింది. కానీ అయ్యా, పీపాలు నిండుగా ఉండి కొనేవాడు లేనప్పుడు తమరెక్కడున్నారు? పల్లె కేఫెల్లో మట్టి కూజాలో పోసి, రొట్టె మీద మెత్తటి జున్నూ ముల్లంగి ముక్కలూ పెట్టి ఇచ్చిన మామూలు తాగుడు అది. ఇప్పుడు అలాంటి పాత సీసాకు వందల యూరోలు పలికితే అందులో ఒక్క పైసా కాచినవాడికి ముట్టదు. ఇక 4.7 ఎవరికి?

ఇంకొకటి. పాత సీసాలకు చాలావాటికి లేబులుండదు, పక్కన సున్నపు గీత ఉంటుంది. సీసాను ఒక మాళిగ నుంచి ఇంకో మాళిగకు మార్చినా అదే వైపు పైకి పెట్టి పడుకోబెట్టాలని, మడ్డి కదలకూడదని, పనివాడు కుంచెతో వేసిన గుర్తు. బల్ల మీద ఉన్నవాటన్నిటిలోకీ కాచినవాళ్ల చేతిరాత అదొక్కటే. ఫొటోలో మురికిగా కనిపిస్తుందని దాన్ని బట్టతో తుడిచేవాళ్లున్నారు. దీనికి టీక లేదు, తిట్టు ఉంది. పత్రికా మర్యాదకు వదిలేస్తున్నాం.

తాత్పర్యం: కర్త తాగినది కొంచెం, చెప్పినది ఎక్కువ.

బ్రసెల్స్ వెళ్లే పాఠకులకు మనవి. అండర్‌లెక్ట్‌లో కాంటియాన్ 1900 నుంచీ ఉంది. బూజు దులపరు, అక్కడి సాలీళ్లకు పండ్లమీద వాలే ఈగలను పట్టే ఉద్యోగం. లెంబేక్‌లో బూన్ ఉంది. 2002లో మూతపడ్డ ఔడ్ బేర్సెల్‌ను 2005లో మళ్లీ తెరిచారు. వీళ్ల దగ్గర కొత్త సీసా డబ్బిచ్చి కొనండి, మొత్తం తాగండి. నచ్చకపోతే పుల్లగా ఉందని చెప్పండి. అది వాళ్లకూ తెలుసు.