అయ్యగారికి కృప, మనకు ధర్మశాస్త్రం

చెవి కమ్మలకీ పరలోకానికీ సంబంధం ఏమిటి? తెలియకపోతే మన ఊళ్ళల్లో ఏదో ఒక మందిరానికి వెళ్ళి బాప్తిస్మం కావాలని అడిగి చూడండి. మీరు ఆడవారైతే వెంటనే తెలిసిపోతుంది. కమ్మలు తీయాలి. గాజులు తీయాలి. బొట్టు చెరపాలి. పూలు మానాలి. కొన్ని సంఘాల్లో తాళి కూడా తీయాలి. మగవారైతే? సిగరెట్టు, సినిమా మానేస్తానని మాటిస్తే చాలు. చేతికున్న వాచీ ధర ఎవరూ అడగరు.

దీనికి వాక్యాధారం ఉందంటారు. ఉంది. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక, రెండో అధ్యాయం. కాకపోతే అక్కడ బంగారంతో పాటు ఖరీదైన బట్టల మాట కూడా ఉంది. మరి స్టేజీ మీద తళతళలాడే అయ్యగారి కోటు సంగతేమిటి? ముందు వరసలో కూర్చున్న పాస్టరమ్మగారి పట్టుచీర సంగతేమిటి? అడగకండి. అడిగితే మీకు ఆత్మీయత తక్కువని తేలుస్తారు. అదే పత్రికలో ఒక్క పేజీ తిప్పండి. సంఘాన్ని నడిపేవాడికి డబ్బు మీద ఆశ ఉండకూడదని మూడో అధ్యాయం చెబుతోంది. కమ్మల మీద నెలకో ప్రసంగం విన్నారు కదా, దీని మీద ఒక్కటైనా విన్నారా? పేజీలు అతుక్కుపోయి ఉంటాయి, పాపం.

అసలు గమ్మత్తు ఆదివారం ఉదయం జరుగుతుంది. ఈ అయ్యగారే ఎఫెసీయుల పత్రిక తెరుస్తారు. రక్షణ మన మంచి పనులకు కూలి కాదంటారు. దేవుడు దయతో ఊరికే ఇస్తాడు, నమ్మి పుచ్చుకోవడమే మన వంతు అంటారు. గొంతు పూడుకుపోతుంది. కళ్ళనీళ్ళు తిరుగుతాయి. జనం ఆమెన్ అంటారు. పదకొండున్నరకి ప్రసంగం ముగుస్తుంది. పదకొండు ముప్పై అయిదుకి ప్రకటనలు మొదలవుతాయి. దశమభాగం బాకీ ఉన్నవాళ్ళు లేచి నిలబడండి. ప్రథమ ఫలాలు తేనివాళ్ళు జాగ్రత్త. ఉపవాస ప్రార్థనకి డుమ్మా కొట్టిన ఇంట్లో అనారోగ్యం ఎందుకు వచ్చిందో ఆలోచించుకోండి. ఊరికే వస్తుందన్నది అయిదు నిమిషాల్లో ఇంత ఖరీదెలా అయింది?

వ్యాపారం కొత్తదేం కాదు. 1517లో జర్మనీలో టెట్జెల్ అనే సన్యాసి పాపశిక్ష తగ్గింపు పత్రాలు ఊరూరా తిప్పి అమ్మాడు. చచ్చిపోయిన మీ నాన్న పేరు మీద కూడా కొనుక్కోవచ్చన్నాడు. వచ్చిన డబ్బు రోములో సెయింట్ పీటర్స్ కట్టడానికని చెప్పారు. నిజమే, సగం అక్కడికే వెళ్ళింది. మిగతా సగం ఫుగ్గర్ అనే షావుకార్ల పెట్టెలో పడింది. ఆల్బ్రెక్ట్ అనే ఆర్చిబిషప్పు తన పదవి దక్కించుకోవడానికి వాళ్ళ దగ్గర అప్పు చేశాడు మరి! మార్టిన్ లూథర్‌కి ఒళ్ళు మండింది. ఆ అక్టోబరు 31న 95 వాదాలు బయటపెట్టాడు. ఐరోపా చీలిపోయింది. చివరికి 1567లో పోపే డబ్బుకి పాపక్షమ అమ్మకాన్ని రద్దు చేశాడు.

రోము మానేసింది. మనం అందుకున్నాం. లూథర్ పేరు పెట్టుకున్న మిషన్ 1842లోనే గుంటూరు చేరింది. ఆ మిషన్ నోట కృప సంగతి తెలుగువాళ్ళు వినడం మొదలుపెట్టి నూట ఎనభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు టీవీ పెట్టి చూడండి. అభిషేక తైలం సీసా. ప్రార్థన చేసిన చేతిరుమాలు. విత్తన కానుక. కింద స్క్రోలింగులో ఖాతా నంబరు, పక్కన క్యూఆర్ కోడు. టెట్జెల్ కనీసం చేతికి ఓ కాగితమైనా ఇచ్చేవాడు.

అసలు పౌలు ఈ కృప మాటను ఏ సందర్భంలో అంత గట్టిగా అన్నాడో మన ప్రసంగాల్లో చెప్పరు. భోజనాల దగ్గర అన్నాడు. అంతియొకయలో యూదులూ అన్యులూ కలిసి తింటున్నారు. పేతురు కూడా వాళ్ళతోనే తింటున్నాడు. ఇంతలో యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు పెద్దమనుషులు దిగారు. అంతే. పేతురుగారు మెల్లిగా పక్కకి జరిగారు. ఆయన్ని చూసి మిగతా యూదులూ జరిగారు. చివరికి బర్నబా అంతటివాడూ జరిగాడు. పౌలు ఊరుకోలేదు. అందరి ముందూ మొహం మీదే కడిగేశాడు. గలతీయుల పత్రికలో ఈ గొడవ చెప్పిన వెంటనే, మనిషిని దేవుడు నీతిమంతుడిగా ఎంచేది క్రీస్తును నమ్మినందుకే గానీ ధర్మశాస్త్రం పాటించినందుకు కాదంటాడు. పంక్తిభోజనం తగాదాలోంచి వచ్చిన మాట అది! సున్నతి చేయించుకుంటేనే చేర్చుకుంటామని పట్టుబట్టినవాళ్ళ మీద ఆయనకి ఎంత మండిందంటే, కోసుకునేదేదో మొత్తం కోసేసుకోండి పీడా పోతుంది అన్నంత పని చేశాడు. దీని మీదా ప్రసంగం విని ఉండరు లెండి.

మరి మన పంక్తి ఎలా ఉంది? పెళ్ళి సంబంధాల పేజీ తెరవండి. క్రిస్టియన్ రెడ్డి. క్రిస్టియన్ కమ్మ. క్రిస్టియన్ మాల. క్రిస్టియన్ మాదిగ. క్రీస్తులో అందరం ఒక్కటే, వియ్యంలో మాత్రం కాదు. బొట్టుతో వస్తే ప్రభు బల్ల ముట్టనివ్వని సంఘాలు బోలెడు. కులం చూసి కోడల్ని తెచ్చుకున్న పెద్దమనిషిని బల్ల దగ్గర ఆపిన సంఘం ఒక్కటి చూపించండి. బొట్టు చెంబెడు నీళ్ళతో పోతుంది. కులం బాప్తిస్మపు తొట్టిలో నిలువునా మునిగి, చుక్క తడవకుండా పైకి తేలింది.

1860ల్లో ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ దొరకి సరిగ్గా ఇదే పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మేం దగ్గరికి రామన్నారు పైకులాలవాళ్ళు. పిల్లల్ని ఆయన బడి మాన్పించారు. ఆయన మాదిగలనే చేర్చుకున్నాడు. పెద్ద కరువు తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పెద్దకులాల షరతును ఎడమకాలితో తన్నిన నేల అది. ఇవాళ ఆ నేల మీదా, చుట్టుపక్కలా మాలల మందిరం వేరు, మాదిగల మందిరం వేరు అయిన ఊళ్ళు ఎన్ని? రెండింటి మైకుల్లోనూ వినిపించేది మాత్రం కృప మీద పాటే.

కృప అసలు లేదని ఎవరన్నారు? ఉంది. ముందు వరసలకు రిజర్వు చేశారు. సంఘం లెక్కలు అడిగి చూడండి. 'తీర్పు తీర్చడానికి నువ్వెవరు బ్రదర్?' మిషన్ స్థలం ఎవరికి, ఎంతకి అమ్మారో అడగండి. 'దైవజనుల మీద సణిగితే ఏమవుతుందో తెలుసా?' అయ్యగారు మా పిల్లతో మర్యాదగా లేరని ఓ తల్లి ఏడుస్తూ వస్తే? 'క్షమించడం నేర్చుకోమ్మా. మనమందరం పాపులమే కదా.' ఆహా! అందరం పాపులమేనన్న సత్యం అప్పుడు గుర్తొస్తుంది. సినిమాకి వెళ్ళిన కుర్రాణ్ణి మూడు నెలలు కీబోర్డు ముట్టనివ్వనప్పుడు గుర్తు రాదేం? బయటి పిల్లాణ్ణి చేసుకున్న ఆడపిల్లను సంఘంలోంచి వెలేసినప్పుడు ఎక్కడ దాక్కుంది?

వాళ్ళ భయం మనకి తెలియనిదా? దేవుడు నిజంగా ఊరికే ఇస్తాడని జనం నమ్మేస్తే వాకిట్లో కూర్చున్న కాపలావాడికి పనేముంటుంది? అయ్యగారంటే హడలు పోతుంది. హడలు పోతే కానుక కవర్లు పోతాయి.

మనం మాత్రం తక్కువ తిన్నామా? కట్టుబాట్లు మనకీ హాయే. కమ్మలు తీయడం అరనిమిషం పని. పనిమనిషికి ఎగ్గొట్టిన జీతం ఇవ్వాలంటేనే ప్రాణం మీదికొస్తుంది. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కకట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసిన పెద్దలను యేసు చెడామడా తిట్టాడు. వారానికి రెండు ఉపవాసాలు, సంపాదన మొత్తంలో పదోవంతు కానుక. ఆయన చెప్పిన కథలో ఇది పరిసయ్యుడి బయోడేటా. ఇవాళ ఇదే బయోడేటాతో వెళ్ళండి, సంఘపెద్దగా ఏకగ్రీవంగా ఎన్నుకుంటారు. అదే కథలో తలెత్తలేక గుండె బాదుకున్న సుంకరి వెళ్తే? చెప్పుల దగ్గర నిలబెట్టి, కొత్త విశ్వాసుల క్లాసుకి రమ్మంటారు.

అంతకంటే ఇరకాటం సిలువ మీద పక్కన వేలాడిన దొంగతో. బాప్తిస్మం లేదు. ఒక్క ఆదివారం హాజరు లేదు. దశమభాగం ఇచ్చిన దాఖలా లేదు, పైగా దొంగసొత్తు. నన్ను గుర్తుపెట్టుకో అని ఒక్క విన్నపం చేశాడు. ఆ రోజే పరదైసులో చోటు ఖాయమైంది. సరే, ఆ శవాన్ని మన ఊరికి తెచ్చారనుకోండి. చందా బాకీ తీరిస్తే తప్ప గొయ్యి తవ్వనివ్వని కమిటీలు ఉన్నాయి, నేను కల్పించి చెప్పడం లేదు. సెక్రటరీగారు కళ్ళజోడు సవరించుకుని రిజిస్టరు తిప్పుతారు. పేరు లేదు. సభ్యత్వం లేదు. రసీదు ఒక్కటీ లేదు. పుస్తకం మూసి, గొంతు సవరించుకుని అంటారు: 'కుదరదండీ. ఇతన్ని రానిస్తే, రేపు అందరూ వచ్చేస్తామంటారు!'