‘వికియె మేలటంచు’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఒకానొక సాఫ్ట్‌వేర్ కార్యాలయమందు షేర్డ్ డ్రైవ్ నిండిపోయి, ఎందులో ఏముందో ఎవరికీ అంతుబట్టని దశలో, “డాక్యుమెంట్లన్నీ ఒకచోట పెడదాం, దేంట్లో పెట్టాలో తేల్చండి” అని మేనేజరుగారు మెయిలు పెట్టగా జరిగిన మీటింగును కవి ఇందులో వర్ణించుచున్నాడు. కవి పేరు తెలియరాలేదు. యతి తప్పలేదు కనుక ఆ మీటింగులో శ్రద్ధగా పాల్గొన్నవాడు కాడని మాత్రం ఊహించవచ్చు.

ఆ. వికియె మేలటంచు వెంకటేశుడు పల్కె,
సీయెమెస్సె యనియె శ్రీనివాసు,
పాత ఫైలు దిద్ద బాధ్యతెవ్వరిదన్న
మాట మాని యపుడు మౌనులైరి!

ప్రతిపదార్థం: వికియె = చదివేవాడే దిద్దగల పుటల సముదాయమే; మేలు అటంచున్ = మంచిదనుచు; వెంకటేశుడు = డెవలపరైన వెంకటేశు; పల్కెన్ = మ్యూట్ తీసి పలికెను; సీయెమెస్సె = ఒకడు రాయగా, ఒకడు చూడగా, వేరొకడు పబ్లిష్ మీట నొక్కెడి కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమే (మేలు); అనియెన్ = అనెను; శ్రీనివాసు = మార్కెటింగ్ వాడైన శ్రీనివాసు; పాత ఫైలున్ = కాలం చెల్లిన డాక్యుమెంటును; దిద్దన్ = సరిచేయుటకు; బాధ్యత ఎవ్వరిది అన్నన్ = పూచీ ఎవరిదని (కొత్తగా చేరిన పిల్ల) అడుగగా; అపుడు = సరిగ్గా ఆ క్షణమున; మాట మాని = వాదన చాలించి; మౌనులైరి = కెమెరాలు కూడా ఆపిరి.

తాత్పర్యం: సుగమం. ఉద్యోగం చేసిన ప్రతివారికీ అనుభవైకవేద్యం.

విశేషాలు: కవి ఈ పేర్లను ఊరికే ఎన్నుకోలేదు. వెంకటేశుడన్నా శ్రీనివాసుడన్నా ఏడుకొండల మీద ఉన్నది ఒక్కడే. అట్లే వికీకీ సీఎంఎస్‌కీ లోపల అభేదమే. వికీపీడియాను నడిపే మీడియావికీ, సీఎంఎస్‌లలో పేరుమోసిన వర్డ్‌ప్రెస్, రెండూ పీహెచ్‌పీలో రాసినవే. రెండింటి పుటలూ మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లోనే ఉంటాయి. రెండింటిలోనూ బ్రౌజరులోనే రాయవచ్చు, పాత కూర్పును వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇంత తెలిసీ మీటింగు పెట్టుకోవడం లీల అనుకోవాలి.

మరి భేదమెక్కడ? కాపలాదారు నిలబడే చోట. 1995 మార్చి 25న వార్డ్ కనింగ్‌హామ్ ప్రోగ్రామర్ల కోసం తొలి వికీని వెబ్‌లో పెట్టినప్పుడు వాకిట కాపలా పెట్టలేదు. సేవ్ నొక్కితే అందరికీ కనబడుతుంది, తప్పుంటే తరవాత వచ్చినవాడు దిద్దుతాడు. మీడియావికీలో ఇంకా పుట్టని పుటకు లంకె వేస్తే అది ఎర్రగా కనబడుతుంది, నొక్కినవాడు రాయడం మొదలుపెట్టవచ్చు. లేని పుట తనను రాయమని పిలవడం! నాకు వికీలో అన్నిటికన్నా నచ్చిన సొగసిది, కవి ఎందుకో వదిలేశాడు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా పెరిగిందీ ఇట్లాగే. అదే ఏడు పుట్టిన వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ అనే హోదా ఉంది. అతడు రాయవచ్చు, ప్రచురించలేడు. పై హోదా వాడు చూసి సరేననేదాకా రాత లోపలే ఉంటుంది.

ఎవరైనా దిద్దగలిగితే తప్పు అట్లాగే బయటికి పోతుందన్న శ్రీనివాసు భయం ఉత్తదని కొందరు వ్యాఖ్యాతలు. సరికాదు. కస్టమర్లు చూసే ధరల పుటలో ఒక సున్నా ఎక్కువ పడితే, తరవాత ఎవరో దిద్దుతారులే అని కూర్చోలేం. పైగా, కొన్ని పుటలను కొందరికే చూపించే పనికి తమ సాఫ్ట్‌వేరును కట్టలేదని మీడియావికీ వారే చెబుతారు. కాబట్టి జీతాల పట్టిక అందులో పెట్టరాదు. కాన్‌ఫ్లుయెన్స్ వంటి కంపెనీ వికీల్లో పుటకు తాళం ఉంది గనుక ఈ ఆక్షేపణ వాటికి తగలదు.

అయితే ఆఫీసు లోపలి పనికి వెంకటేశుడిదే ఒప్పు. వీపీఎన్ సెటప్‌లో ఒక్క అడుగు మారిందనుకోండి. సీఎంఎస్‌లో ఆ ఒక్క వాక్యం దిద్దడానికి ఎడిటరుగారు సెలవు నుంచి రావాలి. అంతలో సరైన అడుగు వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది, పుటలో తప్పుదే ఉండిపోతుంది, కొత్తగా చేరినవారు దాన్నే నమ్ముతారు.

“పాత ఫైలు” అన్నచోట డ్రైవ్‌లో పాఠాంతరాలు కలవు: “ఫైనల్”, “ఫైనల్ కొత్తది”, “ఇదే ఫైనల్, పాతది చూడొద్దు”. కడపలో పండితులను పెట్టి తాళపత్ర ప్రతులు పోల్చి చూపించిన సి.పి. బ్రౌన్ దొర వీటిని చూసినా, ఏది మూలమో తేల్చేవాడని నేననుకోను. “బాధ్యతెవ్వరిది” అన్నచోట సంధి కుదిరింది, ఒప్పందం కుదరలేదు.

పద్యానికి ప్రాణం మూడో పాదంలోనే ఉన్నది. వికీలో అందరూ దిద్దవచ్చు కనుక ఎవరూ దిద్దరు. సీఎంఎస్‌లో దిద్దవలసినవాడు ఒకడే కనుక వాడికి తీరదు. పుట పాతబడటాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తనంతట ఆపదు. ఎవరో ఒకరు తెరిచి చదవాలి.

సిద్ధాంతం: లోపలివారు చదివేదానికి వికీ, బయటివారు చదివేదానికి సీఎంఎస్. రెంటిలో దేన్ని తెచ్చుకున్నా, ప్రతి పుట తలమీద దాన్ని చూసుకునే మనిషి పేరు, మళ్ళీ సరిచూడవలసిన తేదీ వేయండి. “టీమ్” అని వేస్తే చెల్లదు.