సామూహిక సైకిలు యాత్రను చివరి దినమున చెడగొట్టు విధానము

అనేక దినములు ఒకరి వెనుక చక్రము నొకరు నమ్ముకొని, ఒకరి పంక్చరునకు అందఱు నాగి, ఒక సీసాలోని నీళ్లను నలుగురు పంచుకొని, అనంతపురము వైపునుండి సరిహద్దు దాటి తుమకూరు జిల్లాలోని రాయచెర్లు చేరిన యాత్రికబృందమునకు, గమ్యమైన పావగడ యిక నెంతో దూరము లేదని తెలిసిన క్షణమున నొక గొప్ప ప్రమాదము పొంచియుండును: అంతవఱకు నిలిచిన స్నేహము చివరిదాక గూడ నిలిచిపోవునేమో యన్నదే యా ప్రమాదము. దానిని నివారించు మార్గముల నిందు క్రమముగా వివరించుచున్నాము.

మొదటిది, దూరమును విచారింపుడు. మైలురాతిని నమ్మక, కనబడిన ప్రతి పెద్దమనిషిని అడుగుడు. “ఈడనేప్పా, రెండు మైళ్లు” అని యొకరును, “యాడప్పా, శానా దూరముండాది” అని వేఱొకరును సెలవిత్తురు. వీనిలో మీకు నచ్చినదానిని మీరును, తమకు నచ్చినదానిని మిత్రులును గైకొని, నడిరోడ్డుననే వాదమునకు దిగుడు.

రెండవది, వరుసను విడువుడు. ముందు పోవువాడు గాలిని చీల్చుచుండగా వాని వెనుక చక్రము నంటి పోవువానికి నాలుగవ వంతు శ్రమయైనను తగ్గుననియు, కావుననే ముందుండు పనిని వంతులవారీగా పంచుకొనవలెననియు మీరెఱుగుదురు. ఆ నియమము తొలి దినములకు జెందినది. నేడు మీ వంతు రాగానే చెయిను చూచుకొను నెపమున వెనుకబడి, పావగడ కోటకొండ కంటబడగానే ముందునకు దూకుడు. టూర్ ద ఫ్రాన్స్ పందెమున చివరి దినము పారిస్ చేరువఱకు పోటీదారులు కబుర్లు చెప్పుకొనుచు, షాంపేను త్రాగుచు నింపాదిగా తొక్కుట వాడుక. ఆ దురాచారమును లక్ష్యపెట్టకుడు. 1989లో గ్రెగ్ లెమాండ్ చివరి దినముననే 50 సెకనుల వెనుకబాటును పూడ్చుకొని, లోరాన్ ఫిన్యోన్‌పై 8 సెకనుల తేడాతో గెలిచెను. అదియే మీ కాదర్శము. అతనికి బహుమానము గలదు, మీకు లేదు గదా యని యడుగువారికి ప్రత్యుత్తర మీయక పెడలు త్రొక్కుడు. 200 కిలోమీటర్లను 13½ గంటల గడువులో ముగించిన వారినందఱిని, ముందువెనుకల నెంచక సమానముగా గౌరవించు ర్యాండొన్యూర్ సంప్రదాయమునకు దూరమునుండియే నమస్కరింపుడు.

మూడవది, పరిసరములను చూడకుడు. రాయచెర్లు, తిరుమణి, వళ్లూరు, బళసముద్రము, క్యాతగానచెర్లు గ్రామములలో వానకై మొగము వాచిన మెట్టపొలములు సుమారు 13,000 ఎకరములు నేడు సౌరఫలకములతో నిండి, 2,050 మెగావాట్ల విద్యుత్ కేంద్రమైనవి. రైతులు భూమి నమ్మక, మొదట ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలున కిచ్చిరి. వాన మోసగించినను ఎండ యెన్నడును మోసగింపని సీమలో ఎండనే పంటగా నెంచిన యీ వింత, అందఱును కలిసి యాగి చూడదగినది. కావుననే మీరు చూడరాదు. అచటి యెండకు లెక్కయు వెలయు గలవు. మీ నడినెత్తిపై దిగునది మాత్ర ముచితము.

నాలుగవది, ఏమియు తినకుడు. ఒడలిలోని శక్తి తఱిగినపుడు కాళ్లకంటె ముందుగా నాలుక యదుపు తప్పును. జేబులోని చెనక్కాయల ఉండను నోట వేసికొనినచో కోపము చల్లారు భయము గలదు.

అయిదవది, వెనుక నెవరి చక్రమైనను పంక్చరైనచో విననట్లు నటింపుడు. గాలిపంపు మీ సంచిలోనే యున్నచో మఱింత వేగముగా పొండు.

ఈ విధులన్నియు పాటించినవాడు, పెండ్లివిందు ముగియకముందే చెప్పులు వెదకుకొను చుట్టమువలె, అందఱికంటె ముందు పావగడ శనిమహాత్ముని గుడి చేరును. సూర్యుని సేద్యము దాటి వచ్చినవానికి సూర్యపుత్రుని దర్శనము లభించుట యుచితమే. రాశిచక్రము నొకమారు చుట్టివచ్చుటకు దాదాపు 30 ఏండ్లు తీసికొని, ఎవరికొఱకును తొందరపడని యా దేవుని సన్నిధిలో కూర్చుండిన విజేతకు రెండు సంగతులు స్ఫురించును: ఉమ్మడి డబ్బుసంచి వెనుక పంక్చరైనవాని యొద్ద నున్నది, హోటలులో అందఱికి జెప్పిన భోజనము, డబ్బుతో అందఱు వచ్చినగాని విస్తరిలోనికి రాదు. కావున విజయమును ఆకలితో నంజుకొనుచు వేచియుండుడు, పంపు లేక సైకిళ్లను నడిపించుకొని వచ్చుచున్న మిత్రులను “ఇంత యాలస్యమేమి?” యని గద్దించుటకు వలయు శక్తిని మాత్రము మిగుల్చుకొనుడు.